పీపాకు ఇరవైమూడు

అవతలి ఒడ్డు,
ఫిబ్రవరి 6.

అమ్మడూ,

పెదనాన్న దీవెనలు. ఫోన్ చేస్తానని నువ్వు కబురు పంపావని మీ పెద్దమ్మ చెప్పింది. ఫిరంగి పక్కన ఇరవై ఏడేళ్ళు నిలబడ్డవాడితో ఫోన్లో మాట్లాడటం, గోడతో మాట్లాడటం ఒకటే. కాబట్టి ఉత్తరాలే రాసుకుందాం. మోకాలు ఇంకా కట్టులోనే ఉంది. ఆ బురుజు మెట్ల మీద జారకపోయి ఉంటే దగ్గరుండి నేనే నీకు పని అప్పగించేవాణ్ణి.

నా తరువాత ఫిరంగి మేస్త్రీగా వచ్చింది నువ్వేనని విని ఆశ్చర్యపోయాను. ఇంత పెద్ద రేవులో నీకు ఈ ఉద్యోగమే దొరికిందా? సరే, వచ్చావు. నాలుగు ముక్కలు చెబుతాను, విను.

నేను రోజూ మిట్టమధ్యాహ్నం ఫిరంగి పేల్చినప్పుడు ఇక్కడ మా వంటింటి కిటికీ రెండో అద్దం గలగలమనేదట. పొయ్యి మీద గిన్నె దించడానికి మీ పెద్దమ్మకు అదే గుర్తు. నువ్వు వచ్చిన రోజు నుంచి ఆ అద్దం మోగడం లేదు. అంటే మందు తక్కువ పడుతోంది. కొత్త చెయ్యి కదా, భయం ఉంటుంది. సంచిలో ఓ గుప్పెడు ఎక్కువ పడితే కొంపలేం మునగవు. పీపా మందుకు ఇరవైమూడు సంచులు రావాలి. అంతకు మించి వస్తే నువ్వు వెలితిగా నింపుతున్నట్టు. ఇన్నేళ్ళూ తప్పని లెక్క అది. నువ్వూ తప్పనివ్వకు.

మీ నాన్న ఎలా ఉన్నాడు?

పెదనాన్న


కోట బురుజు, మందుగది,
ఫిబ్రవరి 12.

పెదనాన్నగారికి,

నమస్కారాలు. మోకాలు త్వరగా నయం కావాలి. అప్పగింత లేకుండా పనిలో దిగడం ఈత రానివాణ్ణి నడిసముద్రంలో తోసినట్టే ఉంది. అయినా మీరు వదిలివెళ్ళిన నిబంధనల పుస్తకం ఉంది కాబట్టి మునగలేదు.

నేను చేసేది చేసినట్టు రాస్తాను, తప్పుంటే చెప్పండి. మేకులు లేని చెప్పులు వేసుకుంటాను. చెక్క చిప్పతో పీపాలోంచి మందు తీసి, మనవాళ్ళు సోల అనే ఆ ఇత్తడి పాత్రలో పోస్తాను. అంచు మీద గోపురంలా నిలిచిన మందును చెక్క బద్దతో ఒక్క గీతలో గీసేస్తాను. ఆ సోలెడు మందూ గుడ్డ సంచిలో పోసి మూతి కడతాను. పుస్తకంలో ఉన్నది అంతే. మీరు చెప్పిన గుప్పెడు అందులో లేదు. అయినా ఎవరి గుప్పెడు, పెదనాన్నా? మీదా, నాదా? మీ చేతిలో నా చెయ్యి రెండుసార్లు పడుతుంది.

నాకు నమ్మకం చాలక పది సంచులు నింపి తూచాను. పదీ ఒకే బరువు. ముల్లు వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కదల్లేదు. మరి వెలితి ఎక్కడిది? గాలి మారిందేమో, లేకపోతే అద్దం బిగుసుకుందేమో పెద్దమ్మను చూడమనండి. మొదటి పీపాకు మాత్రం ఇరవైమూడు కాదు, ఇరవైఅయిదు వచ్చాయి.

ఇంకో మాట. సంచులు నింపే బల్ల మీద తోలు ఒకచోట గుండ్రంగా, సాసరంత మేర అరిగిపోయింది. వడ్రంగిని పిలిచి కొత్త తోలు వేయిస్తున్నాను.

నాన్న బాగానే ఉన్నాడు. మీ మోకాలి గురించి అడిగాడని రాస్తే అబద్ధం అవుతుంది. అడగలేదు.

మీ అమ్మడు


అవతలి ఒడ్డు,
ఫిబ్రవరి 17.

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బల్ల జోలికి పోకు. తోలు అరిగితే అరగనీ. నాకు అచ్చొచ్చిన బల్ల అది. పాతవాటిని వచ్చీరాగానే పీకి పారెయ్యడం మంచి లక్షణం కాదు.

ఇరవైఅయిదు అన్నావు. ఆ పీపా బరువుగా వచ్చి ఉంటుంది. సరఫరా చేసేవాళ్ళు ఒక్కోసారి ఉదారంగా పోస్తారు. మామూలుగా తేమకు కొంత, తుడుపులో కొంత పోయి పీపాకు రెండు సంచులు తరుగు వస్తుంది. నా పుస్తకంలో ప్రతి పీపాకీ రాసి ఉంటుంది చూడు. నువ్వూ అలాగే రాసెయ్.

అసలు సంచులు తూచమని నీకెవరు చెప్పారు? కొలిచే పనికి సోల ఉంది. సోల ఉండగా తక్కెడ తీశావంటే సోలనైనా నమ్మలేదు, నన్నైనా నమ్మలేదు. ఉన్నమాట చెప్పు, అక్కడికి ఉద్యోగానికి వెళ్ళావా, సోదాకి వెళ్ళావా? మీ నాన్న ఏమైనా చెప్పి పంపాడా? ఇరవై ఆరేళ్ళ కిందటి పుండు అది. మానిందాన్ని గోకితే నెత్తురు తప్ప ఇంకేం రాదు.

పెద్దమ్మ నిన్ను అడిగానని రాయమంది. అద్దం బిగుసుకోలేదట. వేలితో తడితే మోగుతూనే ఉంది.

పెదనాన్న


కోట బురుజు, మందుగది,
మార్చి 2.

పెదనాన్నగారికి,

రెండో పీపా నిన్న అయిపోయింది. ఇరవైఅయిదు. రెండు పీపాలూ విప్పకముందే తూకం వేయించాను. ఉండాల్సిన బరువే ఉన్నాయి. సరఫరావాళ్ళ ఉదారం ఏమీ లేదు. గది నేల తుడిచి, ఆ తుడుపు కూడా తూచాను. అరచేతిలో చిటికెడు.

ఈ సంగతి సూపరింటెండెంటుగారి కంటపడింది. ఆయన నన్ను పిలిచి, "పాత మేస్త్రీ ఉన్నన్నాళ్ళూ పీపాకు రెండు సంచులు ఎటు పోయాయమ్మా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. పాత పుస్తకాలు తీసి చూసి రాసిమ్మన్నారు. మీకూ కాగితం వస్తుంది.

నాన్న నన్ను పంపలేదు. మందుగది అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనరు. కానీ తెలుసుకోవాలనే వచ్చాను, అది దాచను. పుస్తకాలు తీశాను. మీకు ముందున్న మేస్త్రీ హయాంలో ప్రతి పీపాకీ ఇరవైఅయిదు. మీరు చేరిన నెల నుంచి ఇరవైమూడు. అదే నెలలో నాన్న స్టోరుకీపరుగా చేరాడు. ఏడాది చూసి, పీపాకు రెండు సంచులు కాజేశాడని నాన్నను ఇంటికి పంపారు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. అమ్మ వీధి తలుపు తీయకుండా పెరటి దారిన నీళ్ళు తెచ్చుకోవడం నాకు గుర్తుంది.

తరువాతి పేజీ తిప్పాను. నాన్న వెళ్ళిపోయాడు. స్టోరు పుస్తకం కూడా మీ చేతికే వచ్చింది. అయినా పీపాకు ఇరవైమూడే! పక్కన మీ చేతిరాతతో "తేమ, తుడుపు: రెండు". ఇరవై ఆరేళ్ళూ అదే వరస.

దొంగ వెళ్ళిపోయాక దొంగతనం ఎవరు చేశారు, పెదనాన్నా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే మీరు నాకు ఇరవైమూడు లెక్క ఎందుకు రాశారు? అద్దం మోగలేదన్న బాధతోనా, నా పీపాకూ ఇరవైమూడే రావాలన్న భయంతోనా? ఆ మందు మీరు తీసి నాన్న మీదకు నెట్టారా?

నాన్న ఇప్పుడు పడవల మీద పేర్లు రాస్తాడు. కొలిచే పని, తూచే పని ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. రోజూ పన్నెండు అవుతుండగా కుంచె కింద పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. ఫిరంగి పేలాక బయటికి వస్తాడు. నేను పేలుస్తున్నా సరే, వేసుకుంటాడు.

అమ్మడు


అవతలి ఒడ్డు,
మార్చి 7.

నీకు,

నన్ను దొంగ అన్నావు. ఎత్తుకుని ఆడించిన చేతులు ఇవి. ఈ చేతులతో ఒక్క పలుకు మందు ఇంటికి తెచ్చి ఉంటే అవి పడిపోనీ. ఆ గదిలోకి పోయిన ప్రతి పలుకూ ఫిరంగిలోకే పోయింది, పేలింది, పొగై సముద్రం మీద పోయింది. కావాలంటే నీ సూపరింటెండెంటుకు ఈ మాటే రాసివ్వు.

మీ నాన్న దొంగ అని నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. విచారణ వాళ్ళది, తక్కెడ వాళ్ళది, తీర్పు వాళ్ళది. నన్ను నింపమన్నారు, నింపాను. వాళ్ళు తూచారు.

ఇక ఉత్తరాలు రాయకు. పెద్దమ్మకు రాసుకో.

పెదనాన్న


కోట బురుజు, మందుగది,
మార్చి 15.

పదవీ విరమణ చేసిన ఫిరంగి మేస్త్రీగారికి,

వద్దన్నా రాస్తున్నాను. కోపం నాకూ ఉంది. అయినా మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను వదల్లేదు. ప్రతి పలుకూ ఫిరంగిలోకే పోయింది అన్నారు. కొట్టిపారేద్దామనుకున్నాను. కానీ మీరు అబద్ధం ఆడేటప్పుడు మాటలు పెంచుతారు. తేమ అంటారు, సరఫరా అంటారు, అచ్చొచ్చిన బల్ల అంటారు. ఆ వాక్యంలో సాగదీత లేదు. అందుకే నమ్మాను. మరి ఎక్కువ మందు ఫిరంగిలోకి ఎలా పోయింది?

సోమవారం వడ్రంగి వచ్చి బల్ల మీద తోలు ఊడదీశాడు. దాని కింద చెక్క కూడా గుండ్రంగా గుంట పడి ఉంది. "ఇక్కడ ఏళ్ళ తరబడి ఏదో దంచారమ్మా," అన్నాడు. నేను సోల తెచ్చి అందులో పెట్టాను. ఎవరి చెప్పులో వాళ్ళ కాలు పట్టినట్టు పట్టింది. అతణ్ణి పంపించేసి తలుపు వేసుకున్నాను.

సోల నిండా మందు పోసి ఆ గుంటలో మెల్లగా తట్టాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మందు వేలెడు దిగింది. మళ్ళీ నింపి, బద్దతో గీసి తూచాను. అలా పది సంచులు చేశాను. ఈ పదీ ఒకే బరువు. కానీ నా మొదటి పదింటికన్నా బరువెక్కువ. ఆ లెక్కన పీపాకు ఎన్ని వస్తాయో మీకు నేను చెప్పాలా? ఇరవైమూడు.

తరువాత విచారణ కట్ట విప్పాను. మూడో కాగితంలో నాన్న మాట ఇలా ఉంది: "లోపలికి వెళ్ళే అనుమతి నాకు లేదు. కానీ అన్నయ్య సంచి నింపేటప్పుడు గోడవతల నుంచి ప్రతిసారీ మూడు చప్పుళ్ళు వినిపిస్తాయి. సోలను తడుతున్నాడు. అందువల్ల మందు ఎక్కువ పడుతోంది. అతని చేతనే నింపించి తూచండి." దాని కింద అధికారి రాసింది: "మేస్త్రీ మా ఎదుట అయిదు సంచులు నింపాడు. తట్టడం కనబడలేదు. బరువు సరిపోయింది. స్టోరుకీపరు తన నేరం సొంత అన్న మీదకు నెట్టజూస్తున్నాడు."

ఆ చివరి వాక్యం నాన్న కూడా చదివే ఉంటాడు.

సూపరింటెండెంటుగారి అనుమతితో బుధవారం ఒక్కరోజు తట్టిన సంచి పేల్చాను. మీకు రెండే ప్రశ్నలు. బుధవారం అద్దం మోగిందా? ఆ రోజు అధికారుల ముందు మీరు ఎందుకు తట్టలేదు?

అమ్మడు


అవతలి ఒడ్డు,
మార్చి 22.

అమ్మడూ,

మోగింది. మీ పెద్దమ్మ చటుక్కున గిన్నె దించి, "అదిగో, మళ్ళీ మీలాగే పేలింది," అంది. నా చేతిలో పేపరు జారిపోయింది. "ఏమైంది?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ మాట అనడం నాకు బాగా అలవాటు.

నువ్వు అడిగిన రెండోదానికి మొదటి నుంచి చెప్పాలి.

చేరిన కొత్తలో నా సంచులు రోజుకో తీరుగా పేలేవి. వర్షం రోజున ఒకలా, ఎండ రోజున ఒకలా. నీలాగా నాకు తిన్నని చెయ్యి లేదు. ఒకసారి గబగబా పోసేవాణ్ణి, ఒకసారి నిదానంగా. మందు సోలలో ఒకసారి గుల్లగా ఉండేది, ఒకసారి బిగువుగా. రేవులో గడియారాలు సరిచేసుకునేవాళ్ళు "ఇవాళ మేస్త్రీకి జలుబు చేసిందా?" అని నవ్వేవాళ్ళు. అప్పుడు తట్టడం మొదలుపెట్టాను. మూడు తట్లు, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇక ఏ రోజు చప్పుడైనా ఒకటే. ఎంత గర్వపడ్డానో నీకు చెప్పలేను. పీపా త్వరగా అయిపోతోందని తెలుసు. కానీ దానికీ తట్టడానికీ ముడిపెట్టి ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు, అమ్మడూ. అక్కడి వరకు నేను మంచివాణ్ణే.

విచారణ రోజున బల్ల చుట్టూ ముగ్గురు అధికారులు. గుమ్మంలో మీ నాన్న. వాడి మాట అప్పుడే చదివి వినిపించారు. నిజమే కదా, తడుతున్నాను కదా, దానివల్లేనేమో అనుకున్నాను. సోల నింపాను. చెయ్యి దానంతటదే సోలను ఎత్తింది. పుస్తకంలో తట్టమని లేదు. తడితే ఏడాదిగా నిబంధన మీరినట్టు ఒప్పుకోవాలి, కొత్త ఉద్యోగం పోతుంది. ఎత్తిన చేతిని మెల్లగా దించి, బద్ద తీసుకున్నాను. అయిదుసార్లూ అంతే. ముల్లు సరిగ్గా నిలబడింది. మీ నాన్న ముల్లును చూడలేదు. నా చేతినే చూస్తున్నాడు. "అన్నయ్యా," అన్నాడు. ఒక్క మాటే. నేను తల దించుకున్నాను.

తరువాత ఏం చెయ్యాలో తోచలేదు. తట్టడం మానేస్తే వెంటనే పీపాకు ఇరవైఅయిదు వస్తాయి. దొంగ పోయాడు, దొంగతనం ఆగింది అంటారు. వాణ్ణి నేనే రెండోసారి దొంగను చేసినట్టు. తట్టి, ఉన్నది ఉన్నట్టు పుస్తకంలో రాస్తే నా బండారం బయటపడుతుంది. అందుకని తట్టాను, తరుగు రాశాను. వాణ్ణి కాపాడలేదు, ముంచడం పూర్తి చెయ్యలేదు. రోజుకు మూడు తట్లు చొప్పున ఇరవై ఆరేళ్ళు అలా మధ్యలో నిలబడ్డాను. నువ్వు వచ్చావని తెలిసి భయం వేసింది. అద్దం మోగకపోవడం నిజమే. కానీ నీకు రాసింది అద్దం కోసం కాదు. నువ్వు కనిపెట్టావు.

ఈ రాత్రికి పెద్దమ్మకు చెబుతాను. సోమవారం పడవలో వస్తాను. కర్ర పట్టుకుని నడుస్తున్నాను, ఫరవాలేదు. సూపరింటెండెంటుగారిని తక్కెడ సిద్ధం చెయ్యమను. ఆయన ముందు సంచులు నింపుతాను. ఈసారి చెయ్యి ఆపుకోను. అప్పటి కాగితాల పక్కన ఇప్పటి కాగితం పెట్టమని అడుగుతాను.

ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించు. రమ్మని అడిగే ముఖం నాకు లేదు. వస్తే మాత్రం గుమ్మంలో నిలబెట్టకు, తక్కెడ పక్కన నిలబెట్టు.

మీ పెదనాన్న


కోట బురుజు, మందుగది,
ఏప్రిల్ 3.

పెదనాన్నా,

సోమవారం గదిలో జరిగింది మన ముగ్గురికీ తెలుసు, మళ్ళీ రాయను. మీరు మొదటి తట్టు తట్టినప్పుడు నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ చప్పుడే వింటున్నాడని నాకు అర్థమైంది. అప్పుడు గోడవతల నుంచి విన్నది, ఇప్పుడు ఇవతల విన్నాడు. మీతో ఒక్క మాట మాట్లాడలేదని మీరు బాధపడుతూ పడవ ఎక్కారు. అందుకే ఇది రాస్తున్నాను.

సూపరింటెండెంటుగారు నాన్న పేరు కొట్టివేసిన పేజీలోనే ఎర్రసిరాతో "నిర్దోషి" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టారు. నాన్న ఆ పేజీని చాలాసేపు చూశాడు. పడవల మీద పేర్లు రాసేవాడు కదా, "అక్షరాలు వంకరగా రాశాడు," అన్నాడు.

ఇంటికి వెళ్ళాక నన్ను కూర్చోబెట్టి మీ ఉత్తరం మళ్ళీ చదివించుకున్నాడు. చేతిని దించారన్న చోట ఆపమన్నాడు.

"అయితే వాడికి ఆ రోజే తెలుసన్నమాట," అన్నాడు.

"తెలుసు, నాన్నా."

"రోజూ తడుతూనే ఉన్నాడు."

"అవును."

నాన్నకు కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. మంచినీళ్ళ గ్లాసు విసిరికొట్టాడు. గోడకు తగిలి సొట్టపోయింది. అమ్మ పడ్డ మాటలన్నీ ఒక్కొక్కటీ చెప్పి ఏడ్చాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. అమ్మ ఉండి వినాల్సింది అన్నాడు.

చాలాసేపటికి లేచి ముఖం కడుక్కుని వచ్చి, "నేను రోజూ పన్నెండింటికి తలుపు వేసుకున్నాను. వాడికి వేసుకోవడానికి తలుపైనా లేదు," అన్నాడు.

క్షమించానని మీకు రాయవద్దన్నాడు. రాయడం లేదు. మోకాలికి కట్టు ఎప్పుడు విప్పారో అడగమన్నాడు. అడుగుతున్నాను.

నేను పుస్తకం ప్రకారమే నింపుతున్నాను. సోల నిండా పోసి, బద్దతో గీసి, సంచి కట్టడం, అంతే. మీ అద్దం ఇక మోగదు. గిన్నె దించడానికి గడియారం చూసుకోమని పెద్దమ్మకు చెప్పండి. ఇవాళ పన్నెండింటికి పేల్చి, బురుజు మీద నుంచి మా వీధి వైపు చూశాను. నాన్న బయటే ఉన్నాడు. పడవకు పేరు రాస్తూ ఉన్నాడు. చప్పుడుకు కుంచె అదిరి ఉంటుంది, చెయ్యి ఎత్తి నా వైపు చూస్తూ తిట్టాడు.

అమ్మడు